మా అసలు మాకివ్వండి

ఆ వేసవి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. పదకొండు పాత సినిమాల హక్కులు, వాటి రీళ్ళున్న రేకు డబ్బాలు, బజారు నడిమధ్యన ఒక షాపు, దాని వెనక గాలి రాని ఒక గది. నోటిమాట మీద డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టే మనుషులు. కోపమొచ్చినప్పుడు గొంతు పెంచకుండా తగ్గించే భార్య. మేడ మీద అద్దె లేకుండా ఉంటూ, ఆ సంగతి ఎత్తితే ఇల్లు తన తల్లిదని గుర్తు చేసే బామ్మర్ది. ఈ చివరివాణ్ణి ఆస్తి కింద రాసుకోవాలో అప్పు కింద రాసుకోవాలో అప్పటికి నాకింకా తేలలేదు.

చితికిపోయిన నిర్మాతల వారసుల దగ్గర సినిమాలు టోకున కొని, టీవీలకూ థియేటర్లకూ చిల్లరగా అమ్ముకోవడం నా వ్యాపారం. బజారులో నన్ను డబ్బాల షావుకారు అంటారు. రేకు డబ్బాల వల్లే ఆ పేరు వచ్చిందని పైకి అనుకునేవాణ్ణి. ఆడని సినిమాను కూడా డబ్బా అనే అంటారని నాకు తెలియక కాదు.

ఆ పదకొండింటిలో నలుగురూ గుర్తుపెట్టుకున్నది ఒక్కటే. ఏరు దాటించే ఒక పడవవాడి కథ. అందరికీ అది పడవ సినిమా. మా అత్తగారికి అదంటే ప్రాణం. ఆ సినిమా ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా పిల్లలిద్దర్నీ వెంటేసుకుని వెళ్ళేదట. నా భార్య ప్రతిసారీ చివరికొచ్చేసరికి తల్లి ఒళ్ళో నిద్రపోయేది. ఏడాది చిన్నవాడైన తమ్ముడు మాత్రం రెప్ప వెయ్యకుండా కూర్చునేవాడు. ఇంటికి నడిచి వస్తూ చివర ఏమైందో అక్కకి వాడే చెప్పేవాడు.

చివర అయ్యేది ఏమీ లేదు. పడవవాడు తెడ్డును ఒడ్డున పెట్టి ఇసుకలో నడిచి వెళ్ళిపోతాడు. మాట ఉండదు, పాట ఉండదు. మనిషి చుక్కంత అయ్యేదాకా మనం చూస్తూ కూర్చోవాలి. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నా అంతసేపు చూడను. తెడ్డు ఒడ్డున పెట్టగానే శుభం అని వేయించాను. మొత్తం సినిమాకు రంగులు వేయించాను, పాటలకు డ్రమ్ములు కలిపించాను. నలుపు తెలుపు బొమ్మ కనిపిస్తే టీవీ చెడిపోయిందనుకునే కాలం ఇది. దీనంతటికీ పెట్టుబడి బజారులోనే తెచ్చాను. టైలరమ్మ, ఎదురుగా మందుల షాపాయన, ఇంకా అలాంటివాళ్ళు. ఒకటో తారీఖున వడ్డీ ఇంటికి చేరుతున్నన్నాళ్ళు అసలు ఊసెత్తరు. వాళ్ళ నమ్మకం అంతా ఆ ఒకటో తారీఖు మీద నిలబడి ఉండేది. నా షాపు వాళ్ళ నమ్మకం మీద నిలబడి ఉండేది.

పోస్టర్లు అచ్చయి వచ్చిన రోజు బామ్మర్ది మేడ దిగి వచ్చాడు. వాడు బోర్డులు రాస్తాడు. షాపుల పేర్లు, లారీల వెనక రాతలు, ఎవరి సభకైనా బ్యానర్లు. గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. పోస్టరు ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"పడవవాడి చొక్కాకి నీలం వేయించావేంటి బావా?"

"బాగుంటుందని."

"అది నీలమని నీకెవరు చెప్పారు?"

"తెలుపని నీకెవరు చెప్పారు?"

"తెల్లగా కనిపించింది కాబట్టి తెలుపు."

"ఆ సినిమాలో ఏరు కూడా తెల్లగానే కనిపిస్తుంది. వాడు పాలమీద నడిపాడా పడవని?"

కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతున్న నా భార్య నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. వాడు నవ్వలేదు.

"కోశావంట కూడా. ఎంత?"

"గంట."

"కాళ్ళు తీసేసి, మనిషి బరువు తగ్గాడని చెప్తావా?"

"కాళ్ళు కాదు, పొట్ట తీశాను. నువ్వూ తీయించుకో, మెట్లెక్కడానికి బాగుంటుంది."

"అసలు ప్రింటు ఎక్కడుంది?"

"బూజు పట్టి పోయింది."

అది షాపు వెనక గదిలో, కింది అరలో, పొడిగా ఉంది. కానీ పాతది దొరుకుతుందని తెలిస్తే కొత్తదాని మొహం ఎవరు చూస్తారు? దీన్ని అబద్ధం అనరు. సరుకు ఆపిపెట్టడం అంటారు. నా భార్య బట్టలు మడత పెట్టడం ఆపి నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ తన పనిలో పడింది.

సినిమా విడుదలకు ముందే వాళ్ళు సంఘం పెట్టారు. అసలు ప్రతి సాధన సంఘం. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఇతరుల నోరు తెరిపించడం ఆయన వృత్తి, తన నోరు మూసుకోవడం ఆయనకు నేర్పినవాళ్ళు లేరు. కార్యదర్శి మా బామ్మర్ది. మిగతావాళ్ళు ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియదు. షాపు ఫోను మోగితే చాలు తిట్లు. "కత్తెర చేతిలో ఉందా? అయితే ముందు నాలిక కోసుకో" అని ఒకావిడ. మంచి చదువుకున్న గొంతు. తెల్లారి షాపు తెరవడానికి వెళ్తే షట్టరు మీద నిలువెత్తు కత్తెర బొమ్మ. గీత వంకర లేకుండా ఉంది. ఎవరు వేశారో అడగాల్సిన పని లేకపోయింది. తుడిచినా పోలేదు, మంచి రంగే వాడాడు. వాడి రంగు డబ్బాల్లో సగం నేనే కొనిచ్చాను, వాడి పుట్టినరోజుకి.

విడుదల రోజు థియేటరు గేటు ముందు నిలబడి "సినిమా హంతకుడు డౌన్ డౌన్" అన్నారు. రెండో రోజు పద్ధతి మార్చారు. టికెట్లు కొని లోపలికి వెళ్ళారు. నేను కోసిన చోటు రాగానే చీకట్లో ఒకడు లేచి ఆ పోయిన మాటలు గట్టిగా చెప్పాడు. ఇంకొకరు పడవవాడి భార్యలాగా జవాబిచ్చారు. డ్రమ్ముల పాట రాగానే అందరూ కలిసి పాత వరసలో, డ్రమ్ములకు అడ్డంగా పాడారు. థియేటరు మేనేజరు చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"పోలీసుల్ని పిలవమంటారా?"

నేను తలుపు సందులోంచి హాలు చూశాను. సగంమంది తెరను చూడటం లేదు. వెనక్కి తిరిగి వీళ్ళను చూస్తూ చప్పట్లు కొడుతున్నారు.

"పిలవండి" అన్నాను. "పోలీసుల్ని కాదు, పోస్టర్లవాణ్ణి. రేపట్నుంచి ఇంకో ఆట వేస్తున్నామని అంటించమనండి."

వాళ్ళ గొడవ చూడటానికి జనం వచ్చారు. ఆ వచ్చినవాళ్ళు పోయిన మాటలు కంఠతా పట్టి తామూ అరవడానికి మళ్ళీ వచ్చారు. డబ్బా అవుతుందనుకున్నది హౌస్‌ఫుల్ అయింది. ఇంటర్వెల్లో బామ్మర్ది నన్ను బయట పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సిగ్గు లేదా బావా నీకు?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఆ సీజను నాదే. గెలుస్తున్న బేరం గురించి ఎదుటివాడికి చెప్పకూడదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో మొదట నేర్చుకున్నది అదే. అయినా అన్నాను.

"నన్ను తిట్టాలన్నా టికెట్టు కొనాల్సిందే బామ్మర్దీ. లోపలికెళ్ళు. గొంతు చించుకో. రేపూ రా."

వాడు నా మొహం వంక చూశాడు. తర్వాత హాలు వైపు, తర్వాత టికెట్ల కిటికీ దగ్గర వరస వైపు చూశాడు. అర్థమైంది వాడికి. ఆ సాయంత్రం నుంచి సంఘంవాళ్ళు ఒక్కరు కూడా లోపలికి రాలేదు.

నా భార్య కూడా ఆ రోజు సినిమాకు వచ్చింది. ఇంటికొచ్చాక మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెడుతూ అంది.

"ఈసారైనా చివర చూద్దామని నిద్ర ఆపుకుని కూర్చున్నానండీ."

"చూశావుగా."

"శుభం అని పడింది" అంది. గొంతు బాగా తగ్గించి అంది.

సంఘం సమావేశం మా నెత్తిమీదే జరిగింది. కుర్చీలు లాగిన చప్పుళ్ళు, పళ్ళ డాక్టరు ఉపన్యాసం అన్నీ వినిపించాయి. టీ పట్టుకెళ్ళిన నా భార్య కిందికొచ్చి సంగతి చెప్పింది. షాపుకు ఎదురుగా పెద్ద బ్యానరు కట్టబోతున్నారు. "మూల ప్రతిని పునరుద్ధరించండి" అని రాయమన్నాడు డాక్టరు. "అదేదో దంతాల జబ్బులా ఉంది సార్, జనానికి ఎక్కదు" అన్నాడట మా వాడు. చివరికి అందరూ ఒప్పుకున్న మాట ఇది: మా అసలు సినిమా మాకివ్వండి.

మా బామ్మర్ది బోర్డులు రాసే పద్ధతి ఒకటుంది. ముందు గుడ్డ కొలవడు. మొదటి అక్షరం ఎంత పెద్దది పడితే మిగతావీ అంతే ఉండాలి. ఆ రోజు కోపంలో 'మా' నిలువెత్తు పడింది. 'అసలు' రాసేసరికి గుడ్డ సగం దాటింది. మిగిలిన జాగాలో రెండు మాటలు పట్టవు. అక్షరాలు చిన్నవి చెయ్యమని ఎవరో అన్నారట. వాడికి అది మీసం సగం గీసుకోమన్నట్టు. 'సినిమా' తీసేశాడు. ఏ సినిమానో బజారందరికీ తెలుసుగా అన్నాడట.

మర్నాడు పొద్దున మందుల షాపు మేడ పిట్టగోడకు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వేలాడింది. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు. మా అసలు మాకివ్వండి. ఒప్పుకోవాలి, ఆ 'అ' అందంగా వచ్చింది. కింద యాభైమంది ఊరేగింపుగా నడుస్తున్నారు. "అసలు!" అని డాక్టరు. "ఇవ్వాలి!" అని మిగతావాళ్ళు. "అసలు!" "ఇవ్వాలి!" "దాచిన అసలు!" "బయటపెట్టు!"

బజారులో అసలు అన్న మాటకు ఒకటే అర్థం. వడ్డీ కానిది.

ముందు టైలరమ్మ వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

"అన్నయ్యా, అందరికీ అసలు ఇచ్చేస్తున్నారటగా. నాదీ ఇచ్చెయ్యండి."

"ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు చెల్లెమ్మా."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఎవరికీ ఇవ్వట్లేదా?"

"అది కాదమ్మా. వాళ్ళడిగే అసలు వేరు, నీ అసలు వేరు."

"అసల్లో రెండు రకాలుంటాయా అన్నయ్యా? నాకెప్పుడూ చెప్పలేదే. నాది ఏ రకం?"

ఇంతలో మందుల షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. పొద్దున పిట్టగోడ వాడుకోనిచ్చింది ఆయనే. బ్యానరు కట్టాక కిందికి దిగి చదివాడు.

"ఏమండీ షావుకారుగారూ, నా గోడమీదే కట్టారు, నాకే తెలియలేదు. ఇంతమందికి ఎగ్గొట్టారా?"

"అది సినిమా గొడవండీ. అభిమానులు వాళ్ళు."

"యాభైమంది రోడ్డెక్కి అరుస్తుంటే అభిమానులంటారేంటండీ? నేనేమన్నా పసివాణ్ణా?"

"పళ్ళ డాక్టర్ని అడగండి."

"అయ్యో, ఆయన దగ్గర కూడా తీసుకున్నారా?"

నేను వివరించినకొద్దీ జనం పెరిగారు. నా గొంతు వణికిందట, అందుకని ఇంకా పెరిగారు. మధ్యాహ్నానికి షాపు ముందు వరస. థియేటరు ముందు నేను ఎప్పుడూ కోరుకున్నంత వరస. పెట్టుబడి మొత్తం రంగుల్లోనూ డ్రమ్ముల్లోనూ ఉంది. ఆట ఆగకుండా నడిస్తేనే తిరిగొస్తుంది. కానీ సంఘం లోపలికి రావడం మానేశాక హాలు ఖాళీ అవుతోంది. వారాంతానికి చూస్తానని అందరినీ బతిమాలి పంపాను. చేతులు జోడించి ఒకరిని బతిమాలడం నా వ్యాపారంలో అదే మొదలు.

బామ్మర్ది నిచ్చెన మీద ఉన్నాడు. బ్యానరు ఒక మూల ఊడితే కడుతున్నాడు. కింద నిలబడి అడిగాను.

"ఒరేయ్, ఆ 'సినిమా' అన్న మాట ఎక్కడో ఒకచోట రాసిపెట్టు. చిన్నగా రాసినా చాలు. నా షాపు మూసుకుపోతుంది."

"అసలు ప్రింటు ఇవ్వు. రాస్తాను."

"బూజు పట్టిందన్నానుగా."

"అయితే నీ మాటకీ బూజు పట్టినట్టే బావా. అందుకే ఎవరూ నమ్మట్లేదు." కిందికి చూడకుండానే అన్నాడు. ముడి బిగించాడు.

ఆ సాయంత్రం నా భార్య తమ్ముణ్ణి కిందికి పిలిచింది. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఇల్లు అమ్మేద్దాంరా" అంది. "మందుల షాపాయన కొంటానన్నాడు. నా సంతకం పెడతాను. నీది కూడా కావాలి."

వాడు కుర్చీలోంచి లేచాడు. "అమ్మ ఇల్లు! ఈయన చేసిన అప్పులకి అమ్మ ఇల్లా? నేనెందుకు పెట్టాలి సంతకం?"

"అసలు ఇవ్వాలని ఊరంతా వినేలా అరిచింది నువ్వేగా. ఇచ్చేద్దాం."

"ఆ అసలు వేరు అక్కా!"

"నాకు వేరు. నీకు వేరు. బట్టలు కుట్టుకుని దాచుకున్న మనిషికి వేరు కాదు. పొద్దున ఆవిడ మన మెట్టుమీద కూర్చుని ఏడ్చింది. బ్యానరు రాసినవాడు మేడమీదే ఉంటాడని ఆవిడకి తెలియదు కాబట్టి సరిపోయింది."

వాడు నా వైపు తిరిగి ఏవేవో తిట్టాడు. నేనూ ఊరుకోలేదు. కూర్చుని తినే మనిషికి కళ ఒకటి తక్కువైందన్నాను. నువ్వు అమ్మకుండా మిగిల్చింది మా అక్కనొక్కదాన్నే అన్నాడు. నా భార్య లేచి, కొంగు ముడి విప్పి, ఒక తాళంచెవి బల్లమీద పెట్టింది. షాపు వెనక గదిది.

"ఊరికే వద్దు" అంది తమ్ముడితో. "పడవ సినిమా నువ్వు తీసుకో. డబ్బాలు, హక్కులు, అన్నీ."

"బూజు పట్టిందన్నాడుగా" అన్నాడు వాడు.

"ఆ డబ్బాలు తుడిచేది నేనే కదరా."

అని నా వైపు చూసింది. "రాసివ్వండి" అంది.

నేను లెక్క వేశాను. వెయ్యకుండా ఉండటం నాకు రాదు. సగం ఇల్లు ఒకవైపు. రంగుల ప్రతి బయటికొచ్చాక ఎవడూ కొనని పాత రీళ్ళు ఇంకోవైపు. ఇంత తెలివితక్కువ బేరం పసిపిల్లాడు కూడా ఒప్పుకోడు. వాడు బేరమాడతాడని, ఇంకేదైనా అడుగుతాడని చూశాను. వాడు తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"మళ్ళీ వెనక్కి తీసుకోవద్దు బావా" అన్నాడు. భయపడుతున్నట్టు అన్నాడు.

కాగితాలు రాసుకున్నాం. మందుల షాపాయన మర్నాడు పొద్దుపోకముందే ఇల్లు తన పేర చేయించుకుని, పిట్టగోడ మీది బ్యానరు తనే విప్పించాడు. టైలరమ్మ మొదలు అందరి అసలూ అందరికీ ముట్టింది. నా రంగుల సినిమా థియేటర్లోంచి తీసేశారు. నేనూ నా భార్యా షాపు మీది రెండు గదుల్లోకి మారాం. బామ్మర్ది డబ్బాలతో సహా థియేటరు వెనక గదిలో చేరాడు. నాతో మాట్లాడటం మానేశాడు.

వేసవి అయిపోయే ముందు వాడు అసలు సినిమా వేశాడు. ఒక్క ఆట. బోర్డు వాడే రాశాడు, ఈసారి గుడ్డ కొలిచి. గేటు దగ్గర వాడే నిలబడి టికెట్లు చింపుతున్నాడు. నేను మామూలుగా లోపలికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెచ్చుకోవాలన్నా టికెట్టు కొనాల్సిందే బావా."

కొన్నాను. నా సినిమాకు నేను కొన్న మొదటి టికెట్టు అది. ఆ సినిమా నాది కాదని గుర్తొచ్చింది. హాలు సగం నిండింది. సంఘం మొత్తం, డాక్టరు కుటుంబంతో, వెనక వరసలో టైలరమ్మ. ఏ గొడవకి తన ప్రాణం పోయిందో చూసిపోదామని వచ్చానంది. రీళ్ళు మారినప్పుడల్లా తెర తెల్లగా అయిపోతోంది. నేను రెండుసార్లు ఆవలించాను. నలుపు తెలుపే, ఏరూ చొక్కా రెండూ తెల్లగానే ఉన్నాయి.

చివరికొచ్చింది. పడవవాడు తెడ్డు ఒడ్డున పెట్టాడు. నడవడం మొదలుపెట్టాడు. నేను పక్కకు చూశాను. నా భార్య మేలుకునే ఉంది. ముందుకు వంగి, రెండు చేతులూ ముందు సీటుమీద పెట్టి చూస్తోంది. వాడు ఇసుకలో నడిచి, నడిచి, చుక్కంతయి, పోయాడు. దీపాలు వెలిగాయి.

"తిరగలేదు" అంది.

"ఎవరు?"

"పడవవాడు. చివర్లో వెనక్కి తిరిగి చూస్తాడని తమ్ముడు ఎప్పుడూ చెప్పేవాడు. ప్రతిసారీ అలాగే చెప్పేవాడు. తిరగలేదు."

అంతలోనే వెనకనుంచి కేక. బామ్మర్ది వరసల మధ్యనుంచి నా మీదికి వస్తున్నాడు.

"కోసేశావు! అది కూడా కోసేశావు! వాడు తిరిగి చూస్తాడు. అమ్మ అక్కడే ఏడ్చేది. ఎక్కడ పెట్టావు ఆ ముక్క?"

"నేను ఆ రీలు ముట్టుకోలేదు" అన్నాను. అది నిజం. రంగులకు నేను పంపింది వేరే ప్రతి. ఈ రీలు డబ్బా మూత తుప్పుతో బిగుసుకుపోతే బామ్మర్దే సుత్తితో కొట్టి తీశాడు.

"అవునవును, తిరుగుతాడు, చెయ్యి కూడా ఊపుతాడు" అన్నాడు పళ్ళ డాక్టరు. ఇంకొకాయన ఊపేది చెయ్యి కాదు, తలగుడ్డ అన్నాడు. దాని మీద వాళ్ళలో వాళ్ళకే మొదలైంది. నా భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పద, ఏమన్నా తిందువుగాని" అంది. వాడు చెయ్యి విడిపించుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే అడిగింది. "ఆ నడక ఎందుకు తీసేయించారు మీరు?"

"జనం అంతసేపు ఆగరనుకున్నాను."

"నేను ఆగానుగా."

నాకంటే ముందు నడిచి వెళ్ళిపోయింది.

మొత్తం మీద ఆ సీజను ఖాతా ఇది. పోయినవి: ఒక ఇల్లు, ఒక సినిమా, ఒక బామ్మర్ది. ఈ చివరిది ఆస్తే అని ఇప్పుడు తేలింది. మిగిలినవి: షాపు, పది సినిమాలు. నెల తిరక్కుండానే టైలరమ్మ మళ్ళీ వచ్చింది. బజారంతట్లో అడిగిన రోజున అసలు ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని, తన డబ్బు నా దగ్గరుంటేనే నిద్ర పడుతుందని అంది. రంగులకు మాత్రం వాడొద్దంది. ఆ వేసవిలో నేను సంపాదించింది ఏదైనా ఉంటే ఆ మాట.

ఆ ఆట మర్నాడు థియేటరు గోడమీద బామ్మర్ది రాసిన ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి. మిగతా అసలు ఎక్కడ? అటు వెళ్ళినప్పుడల్లా చదువుతాను. 'అ' ఎప్పటిలాగే బాగుంటుంది. బజారులో నా దగ్గర్నుంచి అసలు రావాల్సినవాడు ఇప్పుడు వాడొక్కడే. వాడికి ఇవ్వాల్సింది నా దగ్గర ఏనాడూ లేదు.